సంక్రాంతి సెలవులు లేని బడి: సరిహద్దు ఊళ్లో ఒక కస్టడీ కేసు

పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా కోర్టు దగ్గర ఆటో ఎక్కితే పావుగంటలో పాతపట్నంలో ఉంటాం. అది శ్రీకాకుళం జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఇది గజపతి జిల్లా, ఒడిశా. 1936లో గీసిన గీత పెళ్లి సంబంధాలను ఆపలేకపోయింది. ఇక్కడి ఆడపిల్లలు అటు వెళ్తారు, అక్కడి వాళ్లు ఇటు వస్తారు. కాపురం బాగున్నన్నాళ్లూ ఆ గీత ఎవరికీ కనిపించదు. భార్యాభర్తలు విడిపోయి మధ్యలో పిల్లాడు మిగిలినప్పుడే, ఏ కోర్టు, ఏ హైకోర్టు, ఏ భాష అన్న గొడవ మొదలవుతుంది.

ఈ కేసు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు రాయను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పిల్లాడిని బాబు అంటాను, ఇంట్లో కూడా వాణ్ని అలాగే పిలుస్తారు.

కనుమ దాటాక పంపుతానన్నాడు

2023 జనవరి ఆఖర్లో ఒకామె వాళ్ల అమ్మను వెంటబెట్టుకుని నా ఆఫీసుకు వచ్చింది. ముప్పై దాటి ఉంటాయేమో. పుట్టిల్లు పర్లాకిమిడి, అత్తవారిది టెక్కలి దగ్గర ఒక పల్లె. మేనరికం. భర్త స్వయానా మేనమామ కొడుకు. పెళ్లయ్యాక విశాఖ దగ్గర పరవాడలో కాపురం, అతను అక్కడ మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆడపడుచు పెళ్లికి ఈమె బంగారం తాకట్టు పెట్టారు. విడిపించలేదు. అడిగినప్పుడల్లా మాటా మాటా పెరిగింది. 2021 జూన్‌లో బాబును తీసుకుని పుట్టింటికి వచ్చేసి, ఇక్కడి బడిలో చేర్పించింది.

ఏడాదిన్నర పాటు ఎవరూ కోర్టు మొహం చూడలేదు. అతను రెండు నెలలకోసారి వచ్చి బాబును చూసి వెళ్లేవాడు. చేతిలో ఉంటే డబ్బులిచ్చేవాడు, లేకపోతే లేదు. 2023 సంక్రాంతికి వచ్చి, "తాత చూడాలంటన్నాడు, కనుమ దాటాక పంపుతాను" అని తీసుకెళ్లాడు. కనుమ వెళ్లి పది రోజులైంది. ఫోన్ చేస్తే, "ఇక్కడే బడిలో వేశాను, నువ్వూ వచ్చేయ్" అన్నాడు.

ఆమె ముందు పోలీసుల దగ్గరికి వెళ్లింది. "తండ్రే కదమ్మా తీసుకెళ్లాడు" అని పంపేశారు. కోపం వచ్చినా, చట్టం దృష్టిలో ఆ మాటలో తప్పు లేదు. తండ్రి సహజ సంరక్షకుడు. పిల్లాడు ఎవరి దగ్గర ఉండాలో చెప్పే కోర్టు ఆర్డరు ఏదీ లేనప్పుడు అతని మీద కిడ్నాప్ కేసు నిలబడడం కష్టం. "విడిగా ఉంటున్నాం కదా, పిల్లాడు నాదే కదా" అనుకునే తల్లులు, "తండ్రిని, నా ఇష్టం" అనుకునే తండ్రులు చాలామంది ఉంటారు. ఆర్డరు లేనంత వరకూ ఇద్దరి హక్కూ సమానంగా అయోమయమే.

వాళ్లమ్మ అప్పటికే గాజులు అమ్మడానికి సిద్ధపడి వచ్చింది. లాయరు ఫీజు లక్ష అవుతుందని ఎవరో చెప్పారట. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలోని సెక్షన్ 12 ఆ మాట చెబుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చాలు. గాజులు అమ్మొద్దని చెప్పి, జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో దరఖాస్తు పెట్టించాను. కేసు నాకే వచ్చింది.

ఎక్కడ వేయాలి

నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా పట్టి ఉంచిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగే పిటిషన్. బాబు ఉన్నది ఆంధ్రలో కాబట్టి అమరావతి పోవాలి. 2019లో తేజస్విని గౌడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, పిల్లాణ్ని పట్టుకుని ఉండడం చట్టవిరుద్ధం అయిన చోటే ఆ పిటిషన్, మామూలు కస్టడీ తగాదాకు గార్డియన్ చట్టమే దారి. రెండోది గృహ హింస చట్టంలోని సెక్షన్ 21 కింద తాత్కాలిక కస్టడీ. అది అడగాలంటే హింస జరిగిందని చెప్పాలి. "కొట్టాడా?" అని అడిగాను. "లేదు మేడం, బావ చెయ్యెత్తే మనిషి కాదు" అంది. వెనకనుంచి వాళ్లమ్మ "రాసేయండమ్మా, కేసు గట్టిగా ఉంటది" అంది. లేనిది రాయనని చెప్పాను. ఒకసారి అబద్ధం రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు నిజం కూడా నమ్మరు. పైగా రేపు బాబును వారం వారం చేతులు మార్చుకోవాల్సింది వీళ్లిద్దరే.

మిగిలింది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం. పాత చట్టమే కానీ మా సరిహద్దు ఊళ్లకు దానిలో ఒక మాట ప్రాణం లాంటిది. సెక్షన్ 9 ప్రకారం పిల్లాడు 'మామూలుగా నివసించే' చోటి కోర్టుకే అధికారం. తల్లి ఊరని కాదు, తండ్రి ఊరని కాదు. ఫిబ్రవరిలో పర్లాకిమిడిలోనే పిటిషన్ వేశాను. దాంతోపాటు మనోవర్తికి అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125 కింద ఇంకొకటి. ఇప్పుడైతే అది దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 144. 2024 జులై 1 నుంచి నంబరు మారింది.

అవతలి లాయరు తెలివైనవాడు. నోటీసు అందగానే ఆంధ్ర వైపు కోర్టులో కాపురానికి రమ్మంటూ హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద ఎదురు పిటిషన్ వేయించాడు. పెళ్లి ఆ కోర్టు పరిధిలోనే జరిగింది కాబట్టి అక్కడ వేసే హక్కు ఉంది. అలా గంట, గంటన్నర బస్సు దూరంలో రెండు రాష్ట్రాల్లో రెండు కేసులు నిలబడ్డాయి. వాటిని ఒకచోటికి చేర్చాలంటే ఇటు కటక్‌లోని హైకోర్టుకు గానీ అటు అమరావతి హైకోర్టుకు గానీ అధికారం లేదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సివిల్ కేసు మార్చేది సుప్రీంకోర్టే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద. పాతపట్నం దాకా ఆటోలో పోయే మనిషి, కేసు మార్చుకోవడానికి ఢిల్లీ రైలెక్కాలి. జాకెట్లు కుట్టుకునే ఆమెకు ఈ మాట చెబుతుంటే నాకే సిగ్గనిపించింది.

ఢిల్లీ వరకూ పోనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను. కస్టడీ కేసులో తేలితే కాపురం కేసు దానంతటదే చల్లబడుతుందని నా లెక్క. ఇలాంటి లెక్కలు అన్నిసార్లూ కలిసి రావు.

మొదటి వాయిదాలో వాదన అంతా 'మామూలుగా నివసించే చోటు' మీదే. వాళ్లు బాబు ఆధార్ కార్డు చూపించారు, అందులో పరవాడ చిరునామా. కొత్తగా చేర్పించిన బడి రశీదు కూడా చూపించి, "ఇప్పుడు టెక్కలి దగ్గరే ఉన్నాడు" అన్నారు. మేము ఇక్కడి బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు, రెండేళ్ల ప్రోగ్రెస్ కార్డులు, టీకాల కార్డు పెట్టాం. రుచి మాజూ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, మామూలు నివాసం అనేది ఉద్దేశానికి సంబంధించిన విషయం, వాస్తవాలను బట్టి తేల్చాలి. పండక్కి తీసుకెళ్లి ఉంచేసుకున్న మూడు వారాలు నివాసం కాదన్నది మా వాదన. కోర్టు ఒప్పుకుంది. ఆ ప్రోగ్రెస్ కార్డులు ఒడియాలో ఉన్నాయి, అవతలి లాయరుకు చదవడం రాదు. అనువాదం చేయించి నేనే ఇచ్చాను. వాయిదా అడగడానికి ఆయనకు సాకు మిగలకూడదు కదా.

ఐదేళ్లు దాటితే తండ్రికేనా?

అతను మొదటిసారి కోర్టు వరండాలో నన్ను చూసి అన్న మాట ఇదే: "బాబుకి ఐదేళ్లు దాటాయి మేడం, ఇంక నాకే రావాలి." ఎవరు ప్రచారం చేశారో గానీ రెండు రాష్ట్రాల్లోనూ ఈ మాట మంత్రంలా తిరుగుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో సెక్షన్ 6 చెప్పేది ఇంతే: ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలి. ఐదు దాటితే తండ్రికి ఇచ్చేయాలని ఎక్కడా లేదు. అదే చట్టం సెక్షన్ 13లో బిడ్డ సంక్షేమమే అన్నిటికన్నా ముందు అని ఉంది. తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి సహజ సంరక్షకులు అన్న మాటను కూడా 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు సడలించింది. 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన పట్టించుకోని చోట, అందుబాటులో లేని చోట కూడా అని. బ్యాంకు ఖాతాకో, బడి ఫారానికో తల్లి సంతకం చెల్లదనే గుమాస్తాలకు ఈ తీర్పు కాపీ ఇస్తుంటాను.

అతను చెడ్డవాడు కాదు. కోర్టులో నేను అతనికి ఎదురు నిలబడ్డాను, అయినా ఈ మాట రాయాలి. అతని భయం వేరు. "వాడు ఒడియా బడిలో చదివితే రేపు తెలుగులో ఉత్తరం ముక్క రాయగలడా? మా నాన్నతో ఏ భాషలో మాట్లాడతాడు?" అని అడిగాడు. గిడుగు రామ్మూర్తి పంతులు మేష్టరుగా పనిచేసిన ఊళ్లో కూర్చుని ఆ ప్రశ్నను కొట్టిపారేయలేకపోయాను. నా కొడుక్కీ తెలుగు అక్షరాలు నేనే ఇంట్లో నేర్పాను. కానీ అది భాష గురించిన దిగులు. పిల్లాణ్ని బడి మధ్యలో మార్చేయడానికి అది కారణం కాదు.

జడ్జి గారు బాబుతో ఛాంబర్‌లో మాట్లాడారు. తన ఇష్టం చెప్పగల వయసు, తెలివి ఉన్న పిల్లల మాట కోర్టు వినవచ్చని గార్డియన్స్ చట్టం సెక్షన్ 17లోనే ఉంది. లాయర్లం బయటే ఉన్నాం. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. పావుగంట తర్వాత బాబు బయటికొచ్చి, "ఆంటీ, జడ్జి గారికి తెలుగు రాదు. కొంచెం నేనే నేర్పాను" అన్నాడు. అంతసేపూ మొహాలు తిప్పుకుని నిలబడిన తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

ఏప్రిల్‌లో మధ్యంతర ఆర్డరు వచ్చింది. ఒడిశాలో కొత్త తరగతి ఏప్రిల్‌లోనే మొదలవుతుంది కాబట్టి ఆ లోపు బాబును తల్లికి అప్పగించాలి. తండ్రికి రెండో, నాలుగో శని ఆదివారాలు. అతను మాట తప్పకుండా తీసుకొచ్చాడు.

మీడియేషన్ గదిలో

కోర్టు తర్వాత మీడియేషన్‌కు పంపింది. ఒడియా మీడియేటరు గారికి మేనరికం సంగతి మింగుడుపడలేదు. "మామ కొడుకా? ఈ పెళ్లి చెల్లుతుందా?" అని ఆశ్చర్యంగా అడిగారు. అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లి హిందూ వివాహ చట్టంలో నిషిద్ధ సంబంధమే, అయితే ఆచారం ఉన్నచోట చెల్లుతుందని సెక్షన్ 5లోనే ఉంది. మన దగ్గర ఆ ఆచారానికి సాక్ష్యం వెతకనక్కర్లేదు, ఏ వీధిలో అడిగినా చెబుతారు.

రాజీ కుదిరింది మీడియేటరు వల్లా కాదు, నా వల్లా కాదు. బాబు తాత వల్ల. మా క్లయింటుకు ఆయన మావయ్య, వాళ్లమ్మకు సొంత అన్న. మూడో సిటింగ్‌లో ఆయన చెల్లెలి వైపు తిరిగి, "ఈ పిల్లల గొడవలో రెండేళ్లయి నీ ఇంట్లో అన్నం తిన్నేదు నేను" అన్నాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పటిదాకా గాజులమ్మి కేసు నడుపుతానన్న మనిషి, "మీ మేనల్లుణ్ని ఆదివారం మీరే తీసుకెళ్లండి" అంది. తడబాటులో మనవణ్ని మేనల్లుణ్ని చేసేసింది, ఎవరూ సరిదిద్దలేదు.

డబ్బుల సంగతి అంత మెత్తగా తేలలేదు. 2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌గా దాఖలు చేయాలని చెప్పింది. మనోవర్తి దరఖాస్తు చేసిన రోజు నుంచీ లెక్కించాలని కూడా అదే తీర్పు. అతని అఫిడవిట్‌లో జీతం 19 వేలు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఓవర్‌టైంతో కలిపి ఇంచుమించు 25 వేలు పడుతోంది. మా క్లయింటు అఫిడవిట్‌లో మొదట 'ఆదాయం లేదు' అని రాయించబోయింది. జాకెట్లు కుడితే నెలకు ఆరు వేలు వస్తాయి కదా, అది రాయి అన్నాను. "రాస్తే ఇవ్వరేమో మేడం" అని టెన్షన్ పడింది. కొంత సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదు. దాచి పట్టుబడితే మాత్రం మిగతా మాటల విలువ కూడా పోతుంది. మేము ఆరు వేలు రాశాక, అతని ఆరు వేల తేడా గురించి గట్టిగా అడిగే ధైర్యం నాకు వచ్చింది.

పిల్లల పోషణ తండ్రి ఒక్కడి బాధ్యత కాదు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20 ఇద్దరి మీదా పెడుతుంది. పద్మజా శర్మ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఇద్దరి ఆదాయాలను చూసి ఆ నిష్పత్తిలో ఖర్చు పంచింది. మేమూ అదే పట్టుకున్నాం. బాబుకు నెలకు 5 వేలు, ఆమెకు 3,500. బడి ఫీజు, ఆసుపత్రి ఖర్చులో ఐదు వంతులు చేసి నాలుగు అతను, ఒకటి ఆమె. బంగారం ఏడాదిలో విడిపించి ఇవ్వాలి. కాపురం కేసు అతను వెనక్కి తీసుకున్నాడు. విడాకులు ఎవరూ అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. విడాకులు తీసుకుంటేనే కస్టడీ, మనోవర్తి వస్తాయనుకుని వచ్చేవాళ్లుంటారు. అక్కర్లేదు.

ఇంకో రెండు షరతులు నేను పట్టుబట్టి రాయించాను, అవి తండ్రి కోసం. ప్రోగ్రెస్ కార్డు, జ్వరం వస్తే డాక్టరు చీటీ అతనికీ వాట్సాప్‌లో పంపాలి. బుధ, శుక్రవారాల్లో రాత్రి 7.30కి వీడియో కాల్. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, బిడ్డకు ఇద్దరి ప్రేమా పొందే హక్కు ఉందని, దూరంగా ఉన్న తల్లికో తండ్రికో ఫోన్, వీడియో కాల్ అవకాశం ఇవ్వాలని చెప్పింది. "మీరు నా లాయరా, బావ లాయరా?" అంది మా క్లయింటు. నవ్వుతూనే అంది, పూర్తిగా నవ్వు కాదు.

2023 నవంబరులో రాజీ ఆర్డరు రికార్డయింది. నేను చాలా సంతోషించాను.

నా తప్పు

రెండు నెలలు తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. రాజీ పత్రంలో నేను ఇలా రాశాను: 'సంక్రాంతి సెలవుల్లో బాబు తండ్రి దగ్గర ఉంటాడు.' ఆంధ్ర కేసులో వాడే పాత నమూనా లోంచి ఎత్తిన వాక్యం. ఆంధ్రలో బళ్లకు సంక్రాంతికి వారం పైనే సెలవులు. ఒడిశాలో మకర సంక్రాంతి ఒక్క రోజు. పెద్ద సెలవులు దసరా పూజలకు. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను, నా పిల్లలు ఇక్కడి బళ్లలోనే చదివారు, అయినా రాసేటప్పుడు తట్టలేదు.

భోగికి ముందే తండ్రి వచ్చాడు. కనుమ, ముక్కనుమ దాటాక పంపుతానన్నాడు. ఆ 'కనుమ దాటాక' అన్న మాట వినగానే ఆమెకు గత ఏడాది గుర్తొచ్చింది. బడి ఉంది, పంపనంది. ఇద్దరి చేతిలోనూ నేను రాసిన ఆర్డరే. ఇద్దరూ చదివి తామే కరెక్ట్ అంటున్నారు. అతను ఖాళీ చేతులతో వెళ్లిపోయి, "కొడుకునే పంపనప్పుడు డబ్బులెందుకు" అని రెండు నెలలు మనోవర్తి ఆపేశాడు. డబ్బులు రాలేదని ఆమె వీడియో కాల్స్ ఆపేసింది.

ఈ రెండూ తప్పే. మనోవర్తి చూపు కోసం కట్టే టికెట్టు కాదు, చూపు మనోవర్తికి ఇచ్చే రశీదు కాదు. పంపలేదని డబ్బు ఆపినా, డబ్బు రాలేదని పంపకపోయినా ఎండేది పిల్లాడి గొంతే. బకాయి వసూలుకు పిటిషన్ వేస్తే వారెంట్ వస్తుంది, ఒక్కో నెల బకాయికి నెల వరకూ జైలు పడవచ్చు, జైలుకు వెళ్లొచ్చినా బాకీ తీరదు. బకాయి పడిన ఏడాదిలోపు మాత్రం వేయాలి. వేయమంది ఆమె. నేను ముందు నోటీసు ఇచ్చాను. షిఫ్టు ఉద్యోగం ఉన్నవాణ్ని జైల్లో పెడితే వచ్చే నెల 8,500 ఎక్కడినుంచి వస్తాయి? అతను రెండు విడతల్లో కట్టేశాడు.

ఆ తర్వాత ఆర్డరు మార్చమని ఇద్దరి తరఫునా మెమో వేశాం. కస్టడీ ఆర్డరు రాతి మీద రాసింది కాదు, పరిస్థితి మారితే మార్చుకోవచ్చని 1973 నాటి రోసీ జేకబ్ తీర్పు నుంచీ ఉన్నదే. ఈసారి 'పండగ', 'సెలవులు' అన్న మాటలు ఎక్కడా వదులుగా వాడలేదు. భోగి ముందు రోజు సాయంత్రం 5 గంటలకు మొదలు, కనుమ మర్నాడు సాయంత్రం 5 గంటలకు ముగింపు. మధ్యలో బడి ఉంటే సెలవు చీటీ మీద ఇద్దరి సంతకాలు, డిసెంబరులోనే ఇచ్చేయాలి. పూజ సెలవులు సగం సగం, మొదటి సగం ఎవరిదన్నది ఏడాదికొకరిది. ఒప్పగించే చోటు పాతపట్నంలో నీలమణి దుర్గ గుడి ముందు. ఇద్దరికీ సమాన దూరం కాదు గానీ, అక్కడ ఇద్దరూ గొంతు పెంచరు. అరగంట కన్నా ఆలస్యమైతే ఫోన్ చేయాలి.

మొదట ఇవన్నీ రాయడం చిన్నతనం అనిపించేది. ఇప్పుడు ఏ కస్టడీ మెమో రాసినా ముందు అడిగేది బడి క్యాలెండరు, ఆ తర్వాత బస్సు టైములు.

2025 సంక్రాంతి సాఫీగా వెళ్లింది. తాత చెల్లెలి ఇంట్లో భోజనం చేసి బాబును తీసుకెళ్లాడు. బంగారంలో గొలుసు వచ్చింది, గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి, దాని మీద మళ్లీ ఒకసారి వాదన అయ్యింది. బాబుకు తెలుగు అక్షరాలు వచ్చాయి, వీడియో కాల్లో తాత నేర్పాడు.

మొన్న అతను నేరుగా నాకే ఫోన్ చేశాడు. కంపెనీ హైదరాబాద్‌కు మారుస్తోందట, ఇక రెండో నాలుగో శనివారాలు కుదరవు. "మళ్లీ కేసు వేయాలా మేడం?" అన్నాడు. మీ లాయరుతోనే మాట్లాడండి, ఇద్దరూ కలిసి వస్తే మెమో సరిపోతుంది అన్నాను. వచ్చే వారం కూర్చుంటున్నాం. హైదరాబాద్ రైలు పలాసలో ఎన్నింటికి ఆగుతుందో ఆమెను కనుక్కోమన్నాను.